మత్స్యగెడ్డ సముద్రానికి వీపు తిప్పి ఎందుకు వెళ్తుంది

ఆదివారం. రాత్రంతా కురిసిన వాన తెల్లవారేసరికి తెరపి ఇవ్వడంతో, భీమిలిలో ఉన్న పిన్నిగారిని చూసి రావడానికి బయలుదేరి, దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర కాసేపు ఆగాను. వేలెడంత వెడల్పున్న నీటిపాయ ఒకటి, ఇసుక గట్టిపడిన చోట పక్కకు ఒరిగి, మెత్తగా ఉన్న చోట లోతుగా కోసుకుంటూ వెళ్ళి, ఎర్రటి నీటితో పారుతున్న పెద్ద చీలికలో కలిసింది. నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. అయితే ఆ పల్లం ఎటున్నదో నిర్ణయించేది నేల.

భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోటు చూసినప్పుడు నాకు మత్స్యగెడ్డ గుర్తుకు వచ్చింది. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని, బొర్రా గుహల సున్నపురాతిని తొలుచుకుంటూ దిగి, తాటిపూడి జలాశయాన్ని నింపి, తూర్పు వాలు వెంట ఇక్కడికి చేరుతుంది. అనకాపల్లి మీదుగా పారే శారదా నదిదీ ఇదే వాలు. అదే తూర్పు కనుమల వరుసలో, మాడుగుల కొండల్లో పుట్టిన మత్స్యగెడ్డ మాత్రం సముద్రానికి వీపు తిప్పి ఉత్తరానికి వెళ్తుంది. పెంకుటింటి నడికొప్పు మీద పడిన వాన చెరో వైపు చూరుకు దిగినట్లు, కనుమల శిఖరరేఖ నీటిని రెండుగా పంచుతుంది. అవతలి వాలు మీద పడిన నీరు మాచ్‌ఖండ్ అనే పేరుతో ఒడిశా సరిహద్దు వెంట నడిచి, డుడుమ దగ్గర జలపాతమై దూకి, తరువాత నైరుతికి మళ్ళి సీలేరుగా పారుతుంది. మోటు దగ్గర శబరిలోనూ, శబరితో పాటు కూనవరం దగ్గర గోదావరిలోనూ కలిసి, పాపికొండల ఇరుకులోంచి బయటపడి, అప్పుడు గాని బంగాళాఖాతాన్ని చేరదు. ఒకే వానలో, పక్కపక్కనే పడిన రెండు చినుకుల ప్రయాణాల మధ్య ఇంత తేడా రావడం నన్ను ఎన్నిసార్లైనా ఆశ్చర్యపరుస్తుంది.

గోదావరిదీ అదే కథ. అరేబియా సముద్రానికి 80 కిలోమీటర్ల దూరంలోనే త్ర్యంబకం వద్ద పుట్టినా, పడమటి కనుమలు అడ్డుగోడగా నిలవడం వల్ల, దక్కన్ పీఠభూమి తూర్పుకు వాలి ఉండటం వల్ల, 1,465 కిలోమీటర్లు నడిచి మన వైపు వస్తుంది. నర్మద మాత్రం వింధ్య, సాత్పురా పర్వతాల మధ్య ఉన్న లోతైన పల్లాన్ని పట్టుకుని పడమరకు వెళ్తుంది.

సాయంత్రం గాజువాకకు తిరిగి వస్తూ మేఘాద్రి గెడ్డను దాటాను. ఉత్తరాన సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ ఉండగా, వాటి నడుమనున్న పల్లమే ఈ గెడ్డకు దారి. దాని ముఖద్వారం దగ్గరి ఉప్పునీటి చిత్తడి నేలను తవ్వి, యారాడ కొండ చాటున ఓడరేవును కట్టి 1933లో ప్రారంభించారు. నేల తీరును గమనించి దానికి తగినట్లు కట్టిన ఆ పని మీద నాకు గౌరవం ఉంది. ఆ గౌరవంతోనే, గెడ్డ పల్లంలో ఈమధ్య లేస్తున్న ప్రహరీలను చూసి కలత చెందుతున్నాను. కొండల నుంచి దిగే వాననీటికి ఈ పల్లం తప్ప వేరే దారి లేదు. గోడ అడ్డు వస్తే ఆ నీరు ఇళ్ళలోకి వెళ్తుంది.