సూదిమొనంత బెజ్జం

నా ఎడమచేతి చూపుడువేలికి ఇప్పుడు గోరు లేదు. పై కణుపు వరకు తీసేశారు. మిగిలిన వేలు నాకు దక్కింది. దాంతో వంకాయ ఒత్తిపట్టి కత్తిపీట మీద తరగడం ఈ నెలలోనే మళ్లీ అలవాటైంది. రాత్రిళ్లు నిద్ర కూడా పడుతోంది కాబట్టి రాయగలుగుతున్నాను.

మాది పర్లాకిమిడి. ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రమే గానీ మా వీధంతా తెలుగే. కాస్త దూరం పోతే పాతపట్నం, ఆంధ్ర. మామగారి కాలం నుంచి మాకు కట్టెల అడితి ఉంది. పెళ్లి వంటలకు, టిఫిను హోటళ్లకు, శ్మశానానికి కట్టెలు మేమే ఇస్తాం. 2018లో తిత్లీ తుపానుకి జీడిమామిడి, పనస, మామిడి కుప్పకూలినప్పుడు దుంగలు కొండలా వచ్చి పడ్డాయి. చీల్చడానికి మాత్రం మనుషులు లేరు. గొడ్డలి పట్టే కుర్రాళ్లు సూరత్ వెళ్లిపోయారు. ఆ తర్వాత కొన్నాళ్లకి కరెంటుతో కట్టెలు చీల్చే మిషను కొన్నాం.

దాని తీరు చెప్పకపోతే నా వేలి సంగతి అర్థం కాదు. 3 హెచ్‌పీ మోటారు, ఇంటి కరెంటు 230 వోల్టులకే తిరుగుతుంది. మోటారు పంపును తిప్పుతుంది, పంపు నూనెను సన్నని పైపు గుండా సిలిండర్లోకి తోస్తుంది, ఆ ఊపుకి పైనున్న ఇనుప చీలిక దిగి దుంగను రెండు చేస్తుంది. 7 టన్నుల బలం. రెండు చేతులూ రెండు లివర్ల మీద ఉంటేనే చీలిక కదులుతుంది. ఇంకో చెయ్యి దుంగ మీదో పైపు మీదో ఉండకూడదనే అలా తయారుచేశారు. పని తొందరగా తెమలాలని మావారు ఎడమ లివరును సైకిలు ట్యూబుతో బిగించి కట్టేశారు. ఆ కోపం నాకింకా చల్లారలేదు. ఆయన ఇది చదువుతారని తెలిసే రాస్తున్నాను. కట్టినది ఆయనైతే, చూసి ఊరుకున్నది నేను.

సంక్రాంతి ముందు, భోగి మంటలకి దుంగలు కావాలని జనం ఎగబడే రోజులు. పొద్దు వాలుతోంది. అడితిలో నేనొక్కదాన్నే ఉన్నాను. పైపు దగ్గర నూనె తడి వారం నుంచీ కనిపిస్తోంది. గుడ్డతో తుడవడం, పని చేసుకోవడం. ఆ సాయంత్రం ఒక పనస దుంగ ముడి దగ్గర ఇరుక్కుంది. చీలిక దిగట్లేదు, మోటారు మూలుగుతోంది. లివరు వదిలెయ్యాల్సింది. వదల్లేదు. కుడిచేత్తో లివరు అదిమిపట్టి, ఖాళీగా ఉన్న ఎడమచేత్తో నూనె ఎక్కడ కారుతోందా అని పైపు వెంబడి తడిమాను.

చీమ కుట్టినట్టయింది. అంతే. వేలి కొసన సూదిమొనంత బెజ్జం, ఒక్క బొట్టు రక్తం. నొప్పి కూడా లేదు. చెయ్యి కడుక్కుని పసుపు అద్దాను. అప్పుడు టైము అయిదున్నర.

గంట తిరిగేసరికి వేలు బరువెక్కింది. మావారు రాగానే దగ్గర్లోని క్లినిక్కుకి వెళ్లాం. మిషను నూనె గుచ్చుకుందని చెప్పాను. డాక్టరుగారు వేలు తిప్పి చూశారు, నవ్వారు. "కిచ్ఛి హెబ నాహిఁ" అన్నారు. ఏమీ కాదమ్మా అని. టీటీ ఇంజెక్షను, నొప్పి మాత్రలు. బయట జనం చాలామంది ఉన్నారు, నిజమే. అయినా ఆ నవ్వు నాకు ఇప్పటికీ చెవిలోనే ఉంది. ఏ నూనె, ఎంత ప్రెషరు అని ఒక్క మాట అడిగితే సరిపోయేది.

ఇంట్లో ఆడపడుచు ఉంది. "సూదంత బెజ్జానికి ఇంత గోలేటి వదినా, ఆడది మిషను ముట్టుకుంటే ఇంతే మరి" అంది. నేనేమీ అనలేదు. వేలు మీదే ధ్యాస. ఎనిమిదికి అది అరటిపండంత అయింది. ఎర్రబడితే వాపు అనుకునేదాన్ని, ఇది తెల్లగా పాలిపోయింది. గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావట్లేదు. లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు మోత, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒకటి. మాత్ర వేసుకున్నా తగ్గలేదు. చెయ్యి కిందికి దించలేను, పైకి ఎత్తలేను. మా అమ్మ ఫోన్లోనే అరసవల్లి సూర్యనారాయణమూర్తికి మొక్కుకుంది.

తొమ్మిదిన్నరకి పాతపట్నం నుంచి మెకానిక్కు కుర్రాడు వచ్చాడు, పైపు మార్చడానికి. జేసీబీలు బాగుచేసేవాడు. నన్ను చూడ్డానికి కాదు, పని ముగించుకుని ఇంటికి పోతూ ఆగాడు. పైపు మీది చిల్లు చూసి, "ఎవరికైనా తగిలిందేటి?" అన్నాడు. మావారు నన్ను చూపించారు. ఆ కుర్రాడి మొహం మారిపోయింది.

"అక్కా, ఇది బెజ్జం కాదు. నూనె లోపలికెళ్లిపోయింది. మా దగ్గర పనిచేసినోడికి ఇలాగే అయితే తెల్లారేదాకా ఆగాడు, వేలు మొత్తం పోయింది. ఆగొద్దు, ఇప్పుడే బయల్దేరండి. నూనె డబ్బా కూడా పట్టుకెళ్లండి, పేరు అడుగుతారు."

చదువుకున్నవాళ్లు చెప్పని మాట ఆ నూనె మరకల చేతులవాడు చెప్పాడు. వాడి కారులోనే బయల్దేరాం. వాడే నడిపాడు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు.

ఆ ప్రయాణం ఎన్నిసార్లు తలుచుకున్నానో. పాతపట్నంలో నీలమణి అమ్మవారి గుడి వైపు కారులోంచే దణ్ణం పెట్టాను, ఒంటిచేత్తో. మంచు కురుస్తోంది, ఎదురుగా ఏమీ కనపడట్లేదు. నరసన్నపేట దగ్గర హైవే ఎక్కేసరికి అరచెయ్యి కూడా బిగుసుకుంది. ఆ చేత్తోనే కదా పిల్లలకి జడలు వేసింది, అత్తగారు పోయే ముందు ఆవిడకి అన్నం తినిపించింది అని ఏవేవో గుర్తొచ్చాయి. శ్రీకాకుళంలో ఒక ఆస్పత్రిలో చూసి, ఇక్కడ చేతి సర్జను లేరు, విశాఖ పొండి అన్నారు. వాళ్లని తప్పుపట్టను. రెండు నిమిషాల్లో చెప్పి పంపేశారు, టైము తినలేదు. మావారు దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. ఆనందపురం దాటాక మాత్రం "ఆ ట్యూబు నేను కట్టుండకూడదు" అన్నారు. నేను జవాబు చెప్పలేదు.

విశాఖలో రెండు దాటాక డాక్టరమ్మ వచ్చారు. వస్తూనే నాలుగు ప్రశ్నలు: ఏ నూనె, ఎంత ప్రెషరు, ఎన్ని గంటలైంది, చివరిగా ఎప్పుడు తిన్నావు. డబ్బా మీద 46 గ్రేడు అని చూసి రాసుకున్నారు. వేలికే మత్తు సూది వేస్తారేమో అనుకున్నాను. "లోపల ఇప్పటికే చోటు లేదమ్మా, అక్కడ ఇంకేమీ ఎక్కించకూడదు" అని చంక దగ్గర మత్తిచ్చారు. వేలి కొస నుంచి అరచేతి దాకా కోసి, నూనె కడిగి, చచ్చిన కండ తీసేశారు. కుట్లు వెయ్యకుండా తెరిచే ఉంచారు. రెండు రోజులకి మళ్లీ కడిగారు. ఆ తర్వాతే కొస నల్లబడిందని తీసేశారు. మిగతావన్నీ అందరికీ తెలిసినవే, సెలైన్లు, యాంటీబయాటిక్కులు, బిల్లు, కుదువకెళ్లిన నా గాజులు.

డాక్టరమ్మ ఒకరోజు తీరిగ్గా కూర్చుని చెప్పారు. కారు టైరులో గాలి ప్రెషరు 2 బార్లు, ఆ పైపులో నూనె ప్రెషరు 180 బార్ల దాకా ఉంటుందట. అంత జోరుతో సన్నని ధార వస్తే చర్మం గుడ్డలాంటిదే, చేతి తొడుగు కూడా అడ్డుకోదు. నూనె లోపల నరాల వెంట పాకి రక్తనాళాల్ని నొక్కేస్తుంది. పైన బెజ్జం చిన్నదే, లోపల దెబ్బ పెద్దది. ఆరు గంటల్లోపు వచ్చుంటే బావుండేది అన్నారు. నాకు తొమ్మిది దాటాయి. క్లినిక్కు నుంచి సరాసరి బయల్దేరి ఉంటే ఆ ఆరు గంటల్లోపే అక్కడ ఉండేదాన్ని. ఈ లెక్క ఎన్ని రాత్రులు వేసుకున్నానో.

మిషను అమ్మేస్తానన్నారు మావారు. వద్దన్నాను. తప్పు దానిది కాదు. సైకిలు ట్యూబు నేనే కోసి పారేశాను. పైపు తడి కనిపిస్తే ఇప్పుడు చెయ్యి పెట్టం. స్విచ్చు ఆపి, ప్లగ్గు పీకి, లివరు ఆడించి లోపలి ప్రెషరు వదిలించాకే పైపు ముట్టుకుంటాం. చిల్లు ఎక్కడుందో తెలియకపోతే అట్టముక్కని పొడుగాటి పుల్లకి కట్టి దూరం నుంచి పైపు పక్కన జరుపుతాం, ధార ఉంటే అట్ట మీద తెలుస్తుంది. దుంగని నిలువుగా, పీచు వెంబడే పెడతాం, అడ్డంగా కాదు. ఇరుక్కుంటే అయిదు లెక్కపెట్టేలోపు లివరు వదిలేసి, దుంగ తిప్పి పెడతాం. ఒకరు దుంగ పెట్టి ఇంకొకరు లివరు నొక్కే పద్ధతి మా అడితిలో లేదు. చలికాలం పొద్దున్నే నూనె చిక్కగా ఉంటుంది, కాసేపు ఖాళీగా తిప్పాకే దుంగ పెడతాం. సన్నని వైరుతో దూరం నుంచి కరెంటు లాగడం కూడా మానేశాం, వోల్టేజి పడిపోయి మోటారు కాలుతుంది. పైపులకి బీటలు కనిపించేదాకా ఆగం, ముందే మారుస్తాం.

మీ ఇంట్లో జేసీబీ, ట్రాక్టరు, గ్రీజు గన్ను, పెయింటు కొట్టే గన్ను ఏదున్నా సరే, ప్రెషరుతో ఉన్నది చేతికి గుచ్చుకుంటే నొప్పి లేదని ఊరుకోకండి. చేతి సర్జను ఉన్న ఆస్పత్రికి ఆ పూటే వెళ్లండి.

రథసప్తమికి అరసవల్లి వెళ్లి అమ్మ మొక్కు తీర్చాం. నీలమణి అమ్మవారికి చీర పెట్టాను. మెకానిక్కు కుర్రాడి ఇంటికి వెళ్లి వాళ్లమ్మ కాళ్లకి దణ్ణం పెట్టి వచ్చాను. చలికి వేలు ఇప్పటికీ సలుపుతుంది, పిడికిలి పూర్తిగా మూసుకోదు.

మొన్న మా డిశ్చార్జి కాగితాల జెరాక్సు పట్టుకుని ఆ క్లినిక్కుకీ వెళ్లాను. గొడవకి కాదు. ఇంకో చెయ్యి ఆయన ముందుకొస్తే ఆయన గుర్తుపట్టాలని. డాక్టరుగారు లేరు. కాంపౌండరు కాగితాలు ఇచ్చి వెళ్లమన్నాడు. ఇవ్వలేదు, ఆయన చేతికే ఇవ్వాలి. మంగళవారం ఉంటారట. మళ్లీ వెళ్తాను.