ఒక కిడ్నీ తీసేశాక రెండోది పెరిగిందంటే, ఏం పెరిగినట్టు?

కిడ్నీ దానం చేసి ఏడాదైనవాళ్ళ స్కానింగు కాగితంలో "కుడి కిడ్నీ 11.3 సెం.మీ., కాంపెన్సేటరీ హైపర్‌ట్రోఫీ" అన్న మాట తరచుగా కనిపిస్తుంది. విశాఖ కేజీహెచ్ (పెద్దాసుపత్రి) చుట్టుపక్కల ల్యాబుల దగ్గర అది చదివి "కిడ్నీ వాచిపోనాదేటండీ?" అని కంగారు పడేవాళ్ళు ఉంటారు. అది వాపు కాదు. పోయినదాని పనిని భర్తీ చేయడానికి ఉన్న కణాలు పెద్దవయ్యాయి, అంతే.

కొత్త వడపోత గొట్టాలు మాత్రం ఒక్కటి కూడా పుట్టవు. ఈ గొట్టాలనే నెఫ్రాన్లు అంటారు, ఒక్కో కిడ్నీలో సగటున 10 లక్షలు ఉంటాయి. వాటి తయారీ తల్లి కడుపులోనే, 36వ వారం దగ్గరపడేసరికి అయిపోతుంది. ఆ తర్వాత తరగడమే గానీ చేరడం లేదు.

ఆపరేషన్ అయ్యాక మొదట పెరిగేది రక్తం. మిగిలిన కిడ్నీలోని సన్న ధమనులు సడలి, రక్తం ఎక్కువగా వస్తుంది, వడపోత పెరుగుతుంది. వడకట్టిన నీటిలోని ఉప్పును, గ్లూకోజ్‌ను వెనక్కి లాగే పని కూడా పెరుగుతుంది కాబట్టి ఆ పని చేసే ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ (నెఫ్రాన్ గొట్టంలో మొదటి భాగం) కణాలు ఎక్కువ ప్రొటీన్ తయారుచేసుకుని లావవుతాయి. గొట్టం వెడల్పూ పొడవూ పెరుగుతాయి. కిడ్నీ పరిమాణంలో వచ్చే పెరుగుదల ఎక్కువ భాగం ఇదే.

అంకెల్లో చూద్దాం. దానానికి ముందు రెండు కిడ్నీలూ కలిసి నిమిషానికి 100 మి.లీ. వడకడుతున్నాయనుకోండి. తీసేయగానే అది 50కి పడుతుంది. కొన్ని వారాల నుంచి నెలల్లో 65-70కి లేస్తుంది. మళ్ళీ 100 కాదు. అందుకే రక్తంలో ముందు 0.8 ఉన్న క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపే వ్యర్థం) 1.2 దగ్గర నిలబడుతుంది. ల్యాబ్ కాగితంలో ఈజీఎఫ్ఆర్ (క్రియాటినిన్ నుంచి అంచనా వేసిన వడపోత వేగం) 60కి దిగువన పడితే "స్టేజ్ 3" కిడ్నీ జబ్బు అని అచ్చై రావచ్చు. ఆరోగ్యవంతుడైన దాతకు ఆ ఒక్క అంకెతోనే జబ్బు ముద్ర వేయడం తప్పు. ఆ 1.2ను మీ కొత్త మామూలుగా రాసి పెట్టుకోండి. అది ఏటేటా పైకి పాకితే అప్పుడు ఆలోచించాలి.

స్కానింగులో నిడివి ఒక్కటే చూస్తే పెరుగుదల తక్కువగా తోస్తుంది. 10.5 సెం.మీ. కిడ్నీ 11.3 అయిందంటే పెరిగింది 8 శాతం లోపే. కానీ మూడు వైపులా అంతే పెరిగితే పరిమాణం దాదాపు 25 శాతం ఎక్కువైనట్టు.

అందరికీ ఒకేలా పెరగదు. పుట్టుకతో ఒక్క కిడ్నీయే ఉన్న బిడ్డకు అది కడుపులోనే పెద్దదవడం మొదలుపెడుతుంది. వయసు మళ్ళినవాళ్ళలో, షుగర్, బీపీ ఉన్నవాళ్ళలో ఆ చేవ తక్కువ. రాయి అడ్డుపడి ఏళ్ళ తరబడి పాడైన కిడ్నీని తీసేస్తే క్రియాటినిన్ పెద్దగా కదలదు, ఎందుకంటే రెండోది అప్పటికే పెరిగి ఉంటుంది. అదే పనిచేస్తున్న కిడ్నీని గడ్డ కారణంగా తీసేస్తే ఒక్కసారిగా ఎగబాకుతుంది.

ఇక అసలు జాగ్రత్త పడాల్సిన చోటు. వడపోత జరిగే రక్తనాళాల గుత్తిని పోడోసైట్ కణాలు వేళ్ళలో వేళ్ళు దూర్చినట్టు చుట్టి ఉంటాయి. గుత్తి పెరుగుతుంది గానీ ఈ కణాలు విభజన చెంది కొత్తవి కావు. చిన్న దుప్పటి పెద్ద మంచం మీద పరిచినట్టు, లాగిన కొద్దీ ఎక్కడో ఒకచోట ఖాళీ తేలుతుంది, అక్కడి నుంచి అల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్) మూత్రంలోకి జారుతుంది. ఎక్కువమంది దాతల్లో అంత దూరం రాదు. బీపీ, బరువు తోడైతే వస్తుంది. అందుకే ఏడాదికోసారి క్రియాటినిన్‌తో పాటు ఉదయం మొదటి మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి చూపించుకోవాలి. అది 30 మి.గ్రా./గ్రా. దాటకూడదు. జ్వరంలోనో, బాగా వ్యాయామం చేసిన మర్నాడో ఇస్తే అబద్ధంగా ఎక్కువ చూపిస్తుంది, మళ్ళీ చేయించాలి.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు నుంచి విశాఖకు వచ్చే కుటుంబాల్లో దాత విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఆ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. అదే ఊళ్ళో, అదే ఇంట్లో పెరిగిన దాతకూ ఆ ముప్పు ఉండొచ్చు.

మన ఉక్కపోతలో ఒళ్ళంతా చెమటై నీరు తగ్గినప్పుడు, కిడ్నీలోకి రక్తం తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ బిళ్ళలు వాటినే ఆపేస్తాయి. నడుంనొప్పి అంటూ మందుల షాపులో అడిగి వేసుకునే బిళ్ళ అదే కావచ్చు, పేరు చూడండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందు ఆపాలా అని డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. సీటీ స్కాన్‌కు రంగు మందు ఎక్కించే ముందు ఒక్క కిడ్నీయే ఉందని చెప్పండి.

మూత్రం పూర్తిగా ఆగిపోతే, నడుం పక్కన నొప్పి ఉన్నా లేకపోయినా, నీళ్ళు తాగుతూ ఎదురుచూడకండి. ఒంటి కిడ్నీ నుంచి మూత్రసంచికి వెళ్ళే గొట్టంలో చిన్న రాయి ఇరుక్కున్నా మూత్రానికి ఇంకో దారి లేదు. దానికి జ్వరం కూడా తోడైతే గంటలే లెక్క. స్టెంటు గానీ, వీపు వైపు నుంచి గొట్టం గానీ వేయగలిగిన ఆసుపత్రికి నేరుగా వెళ్ళాలి.