షెనెక్టడీలో రాత్రి షిఫ్టు చేసిన శిల్పి

న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీకి ఉద్యోగానికి వచ్చేటప్పుడు ఈ ఊరి గురించి నాకు తెలిసింది ఒక్కటే. మన రైళ్లను ఏళ్ల తరబడి లాగిన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ల డిజైన్ ఇక్కడి అమెరికన్ లోకోమోటివ్ కంపెనీది. కాజీపేట షెడ్డులో పనిచేసినవాళ్లు ఇప్పటికీ వాటిని ఆల్కో ఇంజన్లనే అంటారు. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. మోహాక్ నది ఒడ్డున అది ఉన్న చోట ఇప్పుడు క్యాసినో, అపార్ట్‌మెంట్లు వచ్చాయి.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు వెల్డర్‌గా యుద్ధ ట్యాంకులు, రైలింజన్లు అతికినవాళ్లలో శిల్పి డేవిడ్ స్మిత్ ఒకరని నేను పనిచేసే స్టీలు షాపులో ఒక పెద్దాయన చెప్పేదాకా నాకు తెలియదు. అమెరికా ఆధునిక శిల్పకళలో అంత పెద్ద పేరు, మాలాంటి షాపు మనిషి! ఆ రోజు నుంచి ఆయన శిల్పం ఎక్కడుందని తెలిసినా వెళ్లి చూస్తున్నాను.

స్మిత్ 1906లో ఇండియానాలో పుట్టారు. 1925లో స్టూడీబేకర్ కార్ల ఫ్యాక్టరీలో పనిచేశారు, ఇనుముతో చెయ్యి కలిసింది అక్కడే. న్యూయార్క్‌లో ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌లో చేరింది మాత్రం బొమ్మలు వేయడం నేర్చుకోవడానికి. యాన్ మటుల్కా అనే గురువు ఆయనకు క్యూబిజం, అంటే వస్తువును ముక్కలు ముక్కలుగా విడగొట్టి చూపే చిత్రకళ, పరిచయం చేశారు. కాన్వాస్ మీద రంగుతోపాటు వేరే ముక్కలూ అతికించడం మొదలుపెట్టారు. పికాసో, హూలియో గొన్సాలెజ్ ఇనుప ముక్కలు వెల్డింగ్ చేసి చేసిన శిల్పాల ఫొటోలు ఒక ఫ్రెంచ్ పత్రికలో కనబడ్డాక ఇక ఆగలేదు. ఆ పని తన చేతికి వచ్చిందే కదా. 1934 నుంచి బ్రూక్లిన్ రేవు పక్కన టెర్మినల్ ఐరన్ వర్క్స్ అనే షాపులో మామూలు వెల్డర్ల మధ్యే చోటు తీసుకుని పనిచేశారు. తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోనే ఉన్న బోల్టన్ ల్యాండింగ్ అనే ఊళ్లో సొంత వర్క్‌షాపు కట్టుకున్నప్పుడు దానికీ అదే పేరు పెట్టుకున్నారు. అది నాకు చాలా నచ్చింది.

నేను చేసేది ఇన్‌స్పెక్షన్. పాల డెయిరీలకు వెళ్లే స్టెయిన్‌లెస్ స్టీల్ ట్యాంకుల్లోకి దిగి, టార్చి ఏటవాలుగా పట్టుకుని వెల్డింగ్ చేసిన చోటల్లా చూస్తాను. గ్రైండర్ గీత ఒక్కటి మిగిలినా అందులో బ్యాక్టీరియా దాక్కుంటుంది, మళ్లీ పాలిష్‌కి పంపాల్సిందే. చెయ్యి పడిన ఆనవాలు లేకుండా చేయడమే మా పని.

మెట్రోపాలిటన్ మ్యూజియంలో 1965 నాటి ‘బెకా’ ముందు నిలబడితే నాకు ఒళ్లు జలదరించింది. కూతురు పేరు పెట్టిన ఆ స్టెయిన్‌లెస్ శిల్పం నిండా గ్రైండర్ గీతలే. సుళ్లు తిరిగి, ఒకదాని మీదుగా ఒకటి, కుంచెతో కొట్టినట్టు. నేను ఒక అడుగు పక్కకి వేస్తే వెలుగు ఒక గీత మీంచి ఇంకో గీత మీదికి జారింది. ‘క్యూబీ’ అని పేరు పెట్టిన వరసలోని 28 స్టెయిన్‌లెస్ శిల్పాలకూ ఇలాంటి మెరుగే. వాటిని ఆరుబయట పొలంలో నిలబెట్టి, ఆకాశం రంగు స్టీలు మీద పడనిచ్చారు. మా షాపులో అయితే నేనే రిజెక్ట్ ట్యాగ్ వేసి ఉండేవాణ్ణి.

ఆల్బనీ, పకీప్సీల మధ్య రైల్లో వెళ్తూ గీసుకున్న స్కెచ్‌ల నుంచే 1951లో ‘హడ్సన్ రివర్ ల్యాండ్‌స్కేప్’ పుట్టింది. గాలిలో ఇనుముతో గీసిన బొమ్మ అది. న్యూయార్క్ వెళ్లేటప్పుడు నేనూ ఆ రైలే ఎక్కుతాను, నది కనబడేలా కుడివైపు సీటు చూసుకుంటాను.

1965 మేలో వెర్మాంట్‌లో ట్రక్కు ప్రమాదంలో స్మిత్ పోయారు. ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. ఆయన ఎస్టేట్ బాధ్యత చూసినవారిలో ప్రసిద్ధ విమర్శకుడు క్లెమెంట్ గ్రీన్‌బర్గ్ ఒకరు. తెల్ల రంగు వేసి ఉంచిన కొన్ని శిల్పాల మీది ఆ రంగును ఆ హయాంలో తీసేయించారు. అవి ఇంకా పూర్తికాలేదని సమర్థించినవాళ్లూ ఉన్నారు. కానీ రంగు వేసింది స్మిత్, వద్దనుకుంటే తీసేయాల్సిందీ ఆయనే. ఇనుముతో శిల్పాలు చేయకముందే కుంచె పట్టిన మనిషి. 1974లో కళా విమర్శకురాలు రోసలిండ్ క్రౌస్ ఒక ఆర్ట్ పత్రికలో ఫొటోలతో సహా రాస్తేగానీ ఆ సంగతి లోకానికి తెలియలేదు.