పులి చర్మం వెనకాల నుంచి

కప్ప ఫోన్ చేసి "రెండు పేజీలు రాయరా, నెలాఖరు లోపు పంపకపోతే నీ పేజీలో యాడ్ వేసేస్తాం" అన్నాడు. కప్ప అంటే ఇప్పుడు మన బడి రీయూనియన్ సంచిక కమిటీ కన్వీనర్ గారు, అప్పట్లో బడి బ్యాండ్‌లో యూఫోనియం, అంటే పెద్ద ఇత్తడి బాకా. దాన్ని మోయడం అందరం చూశాం, వాడు ఊదగా విన్నవాళ్ళెవరైనా ఉంటే కమిటీకి రాయగలరు. ఏం రాయాలిరా అంటే "అందరూ లెక్కల మాస్టారి బెత్తం గురించే రాస్తున్నారు, నువ్వు బ్యాండ్ గురించి రాయి, పులివి కదా" అన్నాడు. అక్కడితో ఆగాడా, కవర్ పేజీకి సెలెక్ట్ చేశామని గ్రూప్‌లో ఒక ఫోటో పెట్టాడు. ఆ ఫోటోనే. తొమ్మిదో తరగతి, ఆగస్టు 15. అందరూ పడీ పడీ నవ్వే బొమ్మలు పెట్టారు, ఆ ఫోటోలో ఉన్న చెవులు, అదే మన పెద్ద చెవులవాడు, వాడు కూడా పెట్టాడు. నేను పెట్టలేదు. ఎవరూ గమనించలేదనుకుంటా.

ఆ ఫోటో దగ్గరికి వస్తా, ముందు మనకి బ్యాండ్ నేర్పిన హవల్దార్ మాస్టారు.

ఆయన వచ్చేదాకా మన బ్యాండ్ అంటే స్టోర్ రూమ్ బీరువా మీద దుమ్ము పట్టిన డ్రమ్మూ, రెండు సొట్ట బ్యూగిళ్ళూనూ. ఆయన మొదటిరోజు అసెంబ్లీలో స్పీచ్ ఇవ్వలేదు, జేబురుమాలు తీసి బ్యూగిల్ మూతి తుడిచి ఒక్కసారి ఊదారు, ఏడో తరగతి బి సెక్షన్ నోళ్ళు మూతపడటం నేను చూసింది ఆ రోజే. తర్వాత మాకు ఆ బ్యూగిల్ చూపించి "దీనికి మీట ఒక్కటి కూడా లేదు, పెదాలతో ఐదు స్వరాలు తియ్యాలి, ఆ ఐదింటితోనే ఫౌజు పొద్దున లేస్తుంది, రాత్రి పడుకుంటుంది, పోయినవాణ్ణి సాగనంపుతుంది" అన్నారు. ఆయన పచ్‌మఢీలో ట్రైనింగ్ అయిన మనిషి. అక్కడి మిలిటరీ మ్యూజిక్ వింగ్ 1950లో మొదలైంది, అప్పటి సేనాధిపతి కరియప్ప, మాస్టారు మాత్రం "కరియప్ప సాబ్ పెట్టిన బడి" అనేవారు, మన బడిని చూసే చూపులో ఆ తేడా తెలిసిపోయేది. క్లారినెట్ ఆయనది. దాన్ని గుడ్డలో చుట్టి చంటిపిల్లని ఎత్తుకున్నట్టు తెచ్చేవారు, ఆర్మీ నుంచి ఆయన తెచ్చుకున్న ఆస్తి అదీ, ఆ మీసమూను.

నాకు ట్రంపెట్ కావాలి. క్యూలో గంట నిలబడి ఊదితే గాలి వచ్చింది, మోత రాలేదు. మాస్టారు నన్ను పైనుంచి కిందికి చూసి "నీకు ఊపిరి లేదు, బొజ్జ ఉంది, బేస్ డ్రమ్" అన్నారు. మిగతాది మీకు తెలుసు. ఆర్మీ బ్యాండుల్లో బేస్ డ్రమ్మర్ ఛాతీ మీద చిరుతపులి చర్మం లాంటిది కట్టుకుంటాడు, డ్రమ్ రాసుకుని యూనిఫామ్ పాడవకుండా మొదలైన అలవాటు, చూడ్డానికి దర్జాగా ఉంటుందని ఉండిపోయింది. మనకి చర్మం ఎక్కడిది, డ్రాయింగ్ మాస్టారు పసుపు గుడ్డ మీద నల్లరంగుతో మచ్చలు వేసిచ్చారు. మొదటి వానకే ఆ మచ్చలు నా తెల్లచొక్కా మీదకి దిగాయి. అప్పట్నుంచి నేను పులి. నా పెళ్ళి శుభలేఖ మీద కూడా మీలో ఎవరో పెన్నుతో రాశారు, ఎవరో తెలుసు, పేరు చెప్పను.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఒక్క అంకె, 120. నిమిషానికి 120 అడుగులు, అడుగుకి 30 అంగుళాలు, అంటే నిమిషానికి సరిగ్గా 100 గజాలు. గ్రౌండ్‌లో ముగ్గుతో 30 అంగుళాలకో గీత గీయించి మమ్మల్ని నడిపించేవారు, గీత తొక్కినా తప్పే, దాటినా తప్పే. నాకు మాత్రం ఆయన చేతివాచీ ఇచ్చి కళ్ళు మూసుకోమనేవారు. ఎడమకి గట్టి దెబ్బ, కుడికి చిన్న దెబ్బ. అర నిమిషం అయ్యాక ఆపమంటే అరవై పడి ఉండాలి, అరవై రెండు పడితే మళ్ళీ మొదటినుంచి. వానాకాలంలో తడికి డ్రమ్ తోలు వదులై గోనెసంచి మీద కొట్టినట్టు డబ్ డబ్ మనేది, ఎండ వచ్చినప్పుడల్లా దాన్ని వరండాలోంచి బయటికి దొర్లించడం, మబ్బు పట్టగానే లోపలికి దొర్లించడం, ఎనిమిదో తరగతిలో నేను చదివిన చదువు దాదాపు ఇదే.

ఇంకో మాట అనేవారు, అది నాకు చాలాకాలం అర్థం కాలేదు. మనం రోడ్డు మీద ప్రాక్టీస్‌కి వెళ్తే జనం పనులు ఆపుకుని చూసేవాళ్ళు కదా, మేడల మీంచి, గోడలెక్కి. అందరి కళ్ళూ గుండు మీదే. వాడు డ్రమ్ మేజర్, బ్యాండ్ ముందు నడిచేవాడు, వాడి చేతిలో మేస్ అనే పొడుగాటి కర్ర, దాన్ని గాల్లోకి ఎగరేసి పట్టుకుంటే ఈలలు. నాకు కుళ్ళుగా ఉండేది, నిజం చెప్పాలంటే ఇప్పటికీ కొంచెం ఉంది. మాస్టారు కనిపెట్టేశారు. "ఒరేయ్ పులీ, జనం మొహాలు చూడకు, కాళ్ళు చూడు. కళ్ళు మేస్‌ని చూస్తాయి, కాళ్ళు నిన్ను వింటాయి" అన్నారు. చూశాను. నిజమే. గోడ మీద కూర్చున్న ముసలాయన మడమ నా దెబ్బకి గోడని తన్నుతోంది, ఆయనకి తెలీదు ఆ సంగతి. ఆ రోజు నుంచి గుండు మేస్ ఎగరేస్తే ఎగరేసుకోనీ అనుకున్నాను.

కాలవ మీద నడకవంతెన గుర్తుందా, పరేడ్ గ్రౌండ్‌కి అడ్డదారి? దాని దగ్గరికి రాగానే మాస్టారు బ్యాండ్ ఆపించేసి, "అడుగు విరిచెయ్యండి, ఎవడిష్టం వచ్చినట్టు వాడు నడవండి" అనేవారు. ఇంతసేపూ గీతల మీద నడిపించిన మనిషి ఇదేంటని మనం నవ్వుకుంటూ కోతుల్లా దాటేవాళ్ళం, ఝాన్సీ అయితే డాన్స్ చేస్తూ దాటేది. ఎందుకు మాస్టారూ అంటే "ఆర్డర్" అన్నారు. అంతే.

ఇక ఆగస్టు 15. ముందురోజు రాత్రంతా వాన, పొద్దున తెరిపి. మైదానం చుట్టూ తాడు కట్టారు, తాడు అవతల జనం. మన బ్యాండ్ ముందు, వెనక కవాతు చేసే మన ప్లటూన్, దాని ముందు వరసలో గైడ్‌గా చెవులు. డయాస్ ఇంకో నలభై గజాలు ఉందనగా జనం చప్పట్లు మొదలెట్టారు. మామూలు చప్పట్లు కాదు, నా డ్రమ్‌కి తాళం వేస్తూ. నాకోసం. గుండు కోసం కాదు, నాకోసం. అంతకుముందెప్పుడూ జరగలేదది. ఛాతీ మీద పులి నిజంగా లేచినట్టనిపించింది. జనం తాళం ఎప్పుడూ నిలవదు, ఉత్సాహం వచ్చినకొద్దీ పరిగెడుతుంది, నేను కూడా దానితో పాటు పరిగెత్తాను, ముందు నడుస్తున్న గుండు మేస్ దింపి వేగం తగ్గించమని సైగ చేస్తే తేరుకుని వెనక్కి రాబోయాను, ఆ రాబోవడంలో ఒక దెబ్బ మింగేశాను. అంతే, గట్టి దెబ్బ కుడికాలికి వచ్చి పడింది.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి, ముప్పై ఏళ్ళ పైనుంచి మీరు దీన్ని తప్పుగా చెప్పుకుంటున్నారు. గట్టి దెబ్బ పడితే ఎడమకాలు పడాలి, అది రూలు. కాబట్టి ఆ క్షణంలో కరెక్ట్‌గా చేసిందెవడంటే, దెబ్బ విని ఠపీమని కదమ్ బదల్ చేసినవాడు, అంటే అడుగు మార్చుకున్నవాడు. ముందు వరసలో ఆ పని చేసింది ఒక్క చెవులు. మిగతా వాళ్ళంతా పాత లెక్కలోనే నడిచేశారు, దెబ్బ వినకుండా. సరిగ్గా అప్పుడే ఫోటోగ్రాఫర్ నొక్కాడు. వరస అంతా ఎడమకాలు ముందుకి, వీడొక్కడిది కుడికాలు, టోపీ గాల్లో. వాడి చెవులు అంత పెద్దవి కాబట్టే విన్నాడని ఇప్పుడనిపిస్తుంది, అప్పుడు మాత్రం ఊరుకున్నాను.

పరేడ్ అయ్యాక అడుగు తప్పాడని వాడికి శిక్ష, గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు. ఎవరు వేశారన్నది వద్దు. నేను డ్రమ్ విప్పబోతుంటే హవల్దార్ మాస్టారు నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుని ఆపారు. "వాడు పరిగెత్తినంతసేపూ నువ్వు కొట్టు. నూట ఇరవై" అన్నారు. మీరంతా ట్రాక్ పక్కన కూర్చుని నవ్వుతున్నారు, మాస్టారు సరదాకి కొట్టిస్తున్నారనుకున్నారు, కప్ప ఈలలు కూడా వేశాడు. పది రౌండ్లు. ఆరో రౌండ్‌కి భుజం మొద్దుబారింది, ఎనిమిదో రౌండ్‌లో స్టిక్ జారింది, ఆయనే వంగి తీసి చేతిలో పెట్టారు. చెవులు నా ముందు నుంచి వెళ్ళిన ప్రతిసారీ నన్ను చూసి నవ్వేవాడు, నేను వాడికి తోడుగా కొడుతున్నాననుకున్నాడు వెర్రిబాగులోడు. అంతా అయ్యాక మాస్టారు ఒక్కమాటే అన్నారు, "చప్పట్లని ఎప్పుడూ వినకురా, దానికి టైమ్ తెలీదు." మరెప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. పదో తరగతి వచ్చేసరికి ఆయన వెళ్ళిపోయారు. పదో తరగతి గురించి రాయడానికేం లేదు, పాసయ్యాం.

తర్వాత కథ కొంత మీకు తెలుసు. సివిల్ ఇంజనీరింగ్ చదివాను. ఒక క్లాసులో సార్ 1831లో ఇంగ్లండ్‌లో కూలిన బ్రాటన్ వంతెన గురించి చెప్పారు. 74 మంది సైనికులు కదం తొక్కుతూ వెళ్తుంటే వంతెన ఊగిందట, వాళ్ళకి సరదా వేసి మార్చ్ పాట ఈల వేస్తూ ఇంకాస్త కలిసి తొక్కారట, వంతెన కూలింది, అదృష్టం కొద్దీ ఎవరూ చావలేదు, కానీ అక్కడి సైన్యంలో అప్పట్నుంచి వంతెన వస్తే అడుగు విరవమని ఆర్డర్. బెంచీలోంచి దాదాపు లేచి నిలబడ్డాను. అదే మాస్టారి "ఆర్డర్".

నిమిషానికి 120 అంటే సెకనుకి 2. పాదచారుల వంతెన డిజైన్ చేసేవాడు ముందుగా భయపడేది ఆ రెండుకే, మనిషి మామూలు నడక కూడా ఆ దగ్గర్లోనే ఉంటుంది. పక్కవాటు ఊపు అయితే సెకనుకి 1, ఎడమకాలు సెకనుకోసారి కాబట్టి. 2000 జూన్‌లో లండన్‌లో మిలీనియం బ్రిడ్జి తెరిచిన రెండ్రోజులకే మూసింది ఈ పక్కఊపుతోనే, జనానికి తెలీకుండానే వాళ్ళ అడుగులు వంతెన ఊపుకి కలిసిపోయాయి, ఊపుని అణిచే డ్యాంపర్లు పెట్టి మళ్ళీ 2002లో తెరిచారు. నేను ఈ పనిలోనే ఉన్నాను. నేను లెక్క కట్టిన నడకవంతెనలు పదకొండు ఉన్నాయి, ఏదీ ఊగలేదు. ఊగి ఉంటే పేపర్లో చూసేవాళ్ళు. సైట్‌లో కుర్రాళ్ళు ఫోన్ యాప్‌లో తాళం కొట్టే మెట్రోనోమ్ పెట్టుకుంటారు, నేను అరచెయ్యి రెయిలింగ్ మీద కొట్టి చూపిస్తే యాప్‌తో సరిపోతుంది, మీదెలా సార్ అని అడుగుతారు. చెప్పను.

2016 ఫిబ్రవరిలో నేవీ వాళ్ళ ఫ్లీట్ రివ్యూ సిటీ పరేడ్‌కి వైజాగ్ బీచ్ రోడ్డులో జనంలో ఇరుక్కుని నిలబడ్డాను. అక్కడ ఇంకోటి గమనించాను. బ్యాండ్ దూరంగా ఉన్నప్పుడు అడుగు ఒకచోట, ఢమ్ ఒకచోట. అరసెకనులో శబ్దం వెళ్ళేది 170 మీటర్లే మరి, అంటే 85 మీటర్ల వెనక ఉన్నవాడు డ్రమ్‌ని నమ్ముకుంటే సగం అడుగు ఆలస్యం. దగ్గరికొచ్చేకొద్దీ రెండూ కలుస్తూ కలుస్తూ మన ముందుకొచ్చేసరికి ఒక్కటైపోతాయి, జనం అరిచేది సరిగ్గా అప్పుడే. వాళ్ళకి లెక్క తెలీదు, ఒంటికి తెలుస్తుంది.

ఢిల్లీలో జనవరి 29 సాయంత్రం బీటింగ్ రిట్రీట్‌కి, అంటే రిపబ్లిక్ డే వేడుకల ముగింపు బ్యాండ్ కార్యక్రమానికి కూడా పాస్ దొరికింది, విజయ్ చౌక్‌లో మంచి సీటు, ఇది గొప్ప కోసం రాస్తున్నానని మీరనుకున్నా ఫర్వాలేదు. గోడల మీద బీఎస్‌ఎఫ్ ఒంటెలు బొమ్మల్లా నిలబడి ఉన్నాయి. త్రివిధ దళాల బ్యాండులు కలిసి కౌంటర్‌మార్చ్ చేస్తుంటే, ముందు వరస వెనక్కి తిరిగి మిగతా వరసల మధ్యలోంచి నూలుపోగుల్లా దూరిపోవడం, పక్కన మా ఆవిడ వీడియో తీస్తోంది. చివర్లో వాళ్ళు రైసినా కొండ వైపు వాయించుకుంటూ వెళ్ళిపోయారు, భవనాలకి దీపాలు వెలిగాయి, అందరూ తలెత్తారు. నేను కింద కాళ్ళు చూస్తున్నాను. మా వరసలో పదహారు జతలు, అన్నీ ఆడుతున్నాయి. ఏం వెతుకుతున్నారండీ, పర్సు పడిపోయిందా అంది మా ఆవిడ.

కన్వీనర్ గారూ, రెండు పేజీలు దాటిపోయింది, కొయ్యకండి. ఫోటో మార్చొద్దు, అదే ఉంచండి, కింద మాత్రం "సరైన అడుగులో ఉన్నది కుడినుంచి రెండో అబ్బాయి ఒక్కడే" అని రాయండి. రీయూనియన్‌కి డీజే మాట్లాడుతున్నామని గ్రూప్‌లో చూశాను, ముందు స్టోర్ రూమ్ తెరిపించి ఆ డ్రమ్ ఉందేమో చూడండి, తోలు చిరిగితే నేను వేయిస్తా. చెవులూ, గ్రౌండ్ చుట్టూ ఒక్క రౌండ్ నడుద్దాం రా, మోకాళ్ళు ఎలా ఉన్నాయో చెప్పు. నువ్వు ముందు నడువు, ఏ కాలు వేస్తే ఆ కాలికి కొడతాను.