ఏడో డోసు తర్వాత

నాకు వచ్చింది హెర్-2 పాజిటివ్ రకం రొమ్ము క్యాన్సర్. వంద మంది రొమ్ము క్యాన్సర్ రోగుల్లో పదిహేను, ఇరవై మందికి ఈ రకం ఉంటుంది. కణం పైన హెర్-2 అనే ప్రొటీన్ మోతాదు మించి, పెరుగు పెరుగు అని దాన్ని తరుముతూ ఉంటుంది. ఒకప్పుడు దీన్ని మొండి రకం అనేవాళ్లు. ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్ వచ్చాక కథ మారింది. "ఈ రకానికి మందుందమ్మా, భయపడకు" అన్నారు డాక్టరమ్మ. మూడు వారాలకొకటి, ఏడాది పాటు, మొత్తం పద్దెనిమిది.

ఆపరేషన్ గురించి చెప్పేదేమీ లేదు. మత్తిచ్చారు, లేచేసరికి పక్కన గొట్టం, డబ్బా వేలాడుతున్నాయి. చంకలో గ్రంథులు కూడా తీసేశారు. వాటిలో రెండింటికి పాకిందని రిపోర్టు.

కష్టమంతా కీమోతోనే. మొదటి నాలుగు సైకిళ్లు ఎర్రమందు. సెలైన్ బాటిల్లో అది చూస్తే రోజ్ మిల్క్ అనుకుంటారు, ఇప్పటికీ నేను రోజ్ మిల్క్ తాగలేను. పోపు వాసన వస్తే కడుపులో తిప్పేది. చింతల్‌లో మేముండే అపార్ట్‌మెంటులో పొద్దున ఏడింటికి ఆరు వంటిళ్లలో ఒకేసారి పోపులు పడతాయి. తలుపులన్నీ వేసుకుని, ఏప్రిల్ ఎండలో, తడి తువ్వాలు మొహాన వేసుకుని పడుకునేదాన్ని. పెరుగన్నం ఒక్కటే లోపల నిలిచేది. జుట్టు పోతుందని ముందే తెలుసు. కనుబొమలు కూడా పోతాయని తెలియదు. చూడ్డానికి వచ్చినవాళ్లు లక్ష్మణఫలం ఆకులు, గోధుమగడ్డి రసం తెచ్చారు. మా వదిన వాటిని మొహమాటం లేకుండా వెనక్కి పంపేది. ఆ ఒక్క సాయానికే ఆమెకు నేను రుణపడి ఉన్నాను.

తర్వాత వారం వారం మరో కీమో, దాంతోపాటే ట్రాస్టుజుమాబ్ మొదలు. దీనికి వాంతులు లేవు, జుట్టు మళ్లీ మొలిచింది. ఒక్క గుండె మీదే కన్నేసి ఉంచాలి. మూడు నెలలకోసారి ఎకో, అంటే గుండె స్కానింగ్, తీస్తారు. అంతా సాఫీగా పోతోందనుకుంటుండగా ఒకరోజు ఆసుపత్రిలో బీమా క్లెయిములు చూసే టీపీఏ డెస్కు దగ్గర కుర్రాడు కంప్యూటర్ చూసి అన్నాడు: "మేడమ్, మోనోక్లోనల్ యాంటీబాడీ హెడ్ కింద మీ సబ్ లిమిట్ అయిపోయింది. ఎనిమిదో డోసు నుంచి సెల్ఫ్ పేమెంట్."

పాలసీలో ఇంకా డబ్బుంది. ఈ మందుకు మాత్రం లేదు. మొత్తం బీమాలో సగం వరకే దీనికి ఖర్చు చేయవచ్చని వెనక పేజీల్లో ఎక్కడో ఉంది. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పన్నెండు ఆధునిక చికిత్సలను పాలసీలు మినహాయించకూడదన్నారు. నా మందు లాంటి మోనోక్లోనల్ యాంటీబాడీ ఇంజెక్షన్లు ఆ పన్నెండులో ఉన్నాయి. ఆ మాట లేకపోతే నాకు ఆ ఏడు డోసులు కూడా వచ్చేవి కాదేమో. అయితే తలుపు తెరవమంటే కంపెనీలు గొలుసు వేసి తెరిచాయి. ఎంతవరకు ఇస్తామన్న పరిమితి పెట్టుకున్నాయి.

ఈ సంగతి చెప్పగానే డాక్టరమ్మ, "ఆరు నెలలు ఇచ్చినా చాలని ఒక పెద్ద స్టడీ ఉందమ్మా. కావాలంటే ఆలోచిద్దాం" అన్నారు. నాకు ఒళ్లు మండింది. నిన్నటి దాకా ఏడాది తప్పనిసరి అన్న మందు, డబ్బులు లేవనగానే సగం చాలా? మా మేనల్లుడు ఫార్మ్‌డీ, అంటే మందుల చదువు, చేశాడు. ఆ స్టడీ ఏమిటో తెలుగులో చెప్పరా అని కూర్చోబెట్టాను.

ఆ స్టడీ పేరు పెర్సెఫొనీ. ఇంగ్లండ్‌లో 2007 నుంచి 2015 దాకా నాలుగు వేల పైచిలుకు రోగులను చేర్చుకున్నారు. సగం మందికి ఆరు నెలలు, సగం మందికి పన్నెండు నెలలు. నాలుగేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా బతికున్నవాళ్లు ఏడాది వాడినవారిలో 89.8 శాతం, ఆరు నెలలు వాడినవారిలో 89.4 శాతం. గుండె దెబ్బతిని మందు మధ్యలో ఆపాల్సి వచ్చినవాళ్లు ఏడాది వాడినవారిలో 8 శాతం, ఆరు నెలలవారిలో 3 శాతం. ఈ పరీక్షకు డబ్బు పెట్టింది అక్కడి ప్రభుత్వ నిధి. పెట్టక తప్పదు కూడా, తన అమ్మకాలు సగం చేసే పరీక్షకు ఏ కంపెనీ పైసలిస్తుంది? అయితే ఫ్రాన్సులో ఇలాంటిదే ఫేర్ అనే పరీక్ష, ఆరు నెలలు ఏడాదికి తీసిపోదని నిరూపించలేకపోయింది. ఫిన్లాండ్ వాళ్లు నడిపిన తొమ్మిది వారాల పరీక్షా అంతే. అందుకే చాలామంది డాక్టర్లు ఇంకా ఏడాదే ఇస్తారు.

మా మేనల్లుడు చెప్పింది విని నేనడిగిన మొదటి ప్రశ్న: "మరి ఏడు డోసులు?"

తొమ్మిది వారాలు పరీక్షించారు. ఆరు నెలలు, అంటే తొమ్మిది డోసులు, పరీక్షించారు. పద్దెనిమిది పరీక్షించారు. ఏడో డోసు దగ్గర ఆపితే ఏమవుతుందని ఏ దేశంలోనూ ఎవరూ పరీక్షించలేదు. ఆ అంకె రూపాయల్లోంచి పుట్టింది, రోగంలోంచి కాదు. డాక్టరమ్మ మాట మీద నా కోపం అక్కడితో పోయింది. ఆమె కనీసం ఒక ఆధారం చూపించారు. నా కోపమంతా పాలసీ మీదికి మళ్లింది. ఆరు నెలలు చాలని రుజువైతే నాకేం అభ్యంతరం లేదు. గుండెకూ మంచిదే. కానీ అప్పుడు నగదు కట్టేవాళ్లకూ ఆరు నెలలే చాలాలి. ఒకే వార్డులో, ఒకే జబ్బుకు, పర్సును బట్టి రెండు శాస్త్రాలుండవు.

ఇదే మందు మీద ఇంగ్లండ్‌లో 2006లోనే పెద్ద గొడవ జరిగింది. ఆన్ మేరీ రోజర్స్ అనే ఆమెకు స్థానిక ఆరోగ్య సంస్థ ఈ మందు నిరాకరిస్తే కోర్టుకెళ్లారు. డబ్బు సమస్య కాదంటూనే కొందరికే ఇస్తామనడంలో హేతువు లేదని అప్పీలు కోర్టు తీర్పిచ్చింది. ఆ ఆగస్టులో నైస్ అనే సంస్థ, ఏ చికిత్సకు ప్రజాధనం పెట్టాలో ఆధారాలు చూసి చెప్పేది, ఈ మందును తొలిదశ రోగులకు సిఫార్సు చేసింది. ఏడాది మందు కోసం అంత గొడవ జరిగిన దేశమే, మరుసటేడు సగం చాలునేమో చూద్దామని పెర్సెఫొనీ మొదలుపెట్టింది. నాకు ఆ వరస నచ్చింది.

మన దగ్గరా ఏమీ లేదనను. ఏ చికిత్స ఖర్చుకు తగ్గ మేలు చేస్తుందో తేల్చడానికి కేంద్రంలో ఆరోగ్య పరిశోధన శాఖ కింద 2017లోనే ఒక విభాగం పెట్టారు. ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఉంది. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలు చేశారు. ఆ మరుసటేడు 163 చికిత్సలు కొత్తగా చేర్చారు. ఇక బీమా రూల్సు రాసే ఐఆర్‌డీఏఐ ఆఫీసు మన నానక్‌రామ్‌గూడలోనే ఉంది. దేశమంతటి పాలసీల రాత మా ఊళ్లోనే రాస్తారని నాకు క్యాన్సరొచ్చాకే తెలిసింది. రూలు మార్చేముందు వాళ్లు ముసాయిదా పెట్టి అభిప్రాయాలు అడుగుతారు. ఇంగ్లీషులో, క్లాజు నంబర్లతో. కంపెనీల్లో అది చదవడానికే జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకుంటారు. కీమో కుర్చీలో ఉన్నవాళ్లు ఎవరు చదవాలి?

నా పక్క కుర్చీలో సూర్యాపేట నుంచి వచ్చే ఒకామె ఉండేది. ఆమెది వేరే క్యాన్సర్, వేరే మందు, ఆరోగ్యశ్రీ కింద వైద్యం. "మీకు సబ్ లిమిటు, మాకు ఆరోగ్యమిత్ర సారు. ఆయన అయితదంటే అయితది, కాదంటే ఇంటికి పోవుడే అక్కా. ఎందుకని అడిగితే పైనుంచి అంటడు" అని నవ్వేది.

మిగతా డోసులన్నీ వేయించుకున్నాను. గ్రంథులకు పాకిన కేసు కాబట్టి ఏడాది పూర్తి చేయడమే మంచిదని డాక్టరమ్మ, నేను, మా ఆయన కలిసి కూర్చుని అనుకున్నాం. గాజులు కుదువపెట్టాం. బయోకాన్ కంపెనీ 2014లో మన దేశపు బయోసిమిలర్, అంటే అదే మందుకు చవక రూపం, తేబట్టి గాజులతో ఆగింది, లేకపోతే ఫ్లాటు దాకా వచ్చేది.

మధ్యలో బీమా కంపెనీల మీద ఫిర్యాదులు వినే ఇన్సూరెన్స్ ఓంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టాను. దానికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. బాలానగర్‌లో మెట్రో ఎక్కి లక్డీకాపూల్‌లో దిగి, ఏసీ గార్డ్స్ సందులోకి నడిచి వెళ్లాను. తలకు స్కార్ఫు, చేతిలో ఫైలు. సబ్ లిమిట్ పాలసీలో రాసి ఉంది కాబట్టి దాన్ని వాళ్లు తీసేయలేరు, అది నాకూ అర్థమైంది. కానీ ఎకో ఖర్చులు, డే కేర్ బెడ్ చార్జీలు కూడా ఆ మందు పద్దులోనే వేసేశారని మా మేనల్లుడు పట్టుకున్నాడు. ఆ డబ్బు వెనక్కి వచ్చింది. ఒక డోసు ఖరీదు కూడా కాదు. అయినా ఆ రోజు ఇంటికొచ్చి పోపు పెట్టి పప్పు చేసుకున్నాను.

ఇప్పుడు ఆరు నెలలకోసారి చెకప్. ఎడమ చెయ్యి సాయంత్రానికి కొంచెం వాస్తుంది, నీళ్ల బకెట్ ఎత్తను, గోడ మీద వేళ్లు పాకించే వ్యాయామం రోజూ చేస్తాను. ఎకో బాగానే ఉంది.

మా మరిది బ్యాంకు మనిషి. "ఏది కవర్ చేయాలో జనాన్ని అడిగితే అందరూ అన్నీ కావాలంటారు వదినా, అయ్యే పనేనా" అంటాడు. అతనికి నేను ఒరెగాన్ కథ చెప్పాను. అమెరికాలోని ఆ రాష్ట్రంలో 1987లో పేదల పథకం నుంచి అవయవ మార్పిడులు తీసేస్తే, ఎముక మజ్జ మార్పిడి కావాల్సిన ఏడేళ్ల బాబు చనిపోయాడు. పెద్ద రచ్చయింది. 1989లో చట్టం చేసి, చికిత్సలన్నింటికీ వరస కట్టడానికి పదకొండు మంది కమిషన్ వేశారు. అందులో అయిదుగురు డాక్టర్లు, ఒక నర్సు, ఒక సామాజిక కార్యకర్త, నలుగురు మామూలు మనుషులు. ఖర్చు, లాభం సూత్రంతో కట్టిన తొలి జాబితాలో పంటికి తొడుగు వేయడం అపెండిసైటిస్ ఆపరేషన్ కంటే పైన వచ్చింది! నవ్వులపాలై దాన్ని పక్కన పెట్టారు. ఊరూరా సభలు పెట్టినప్పుడు జనం అన్నీ కావాలనలేదు, రోగం రాకుండా చూసే వైద్యం ముందు కావాలన్నారు. వాటినీ లెక్కలోకి తీసుకుని జాబితా మళ్లీ రాశారు.

మరిది ఒప్పుకోలేదు. "అది అమెరికా" అన్నాడు. సరే, అమెరికా వద్దు. మా వార్డులో అడగమనండి. అక్కడ ఎవరూ ఆకాశంలో చుక్కలు అడగలేదు. సూర్యాపేట ఆమె, ఆలస్యమైతే రాత్రి పడుకోవడానికి చోటు, కాదన్నప్పుడు కారణం కాగితం మీద కావాలంది. నేనడిగేది ఇంకా చిన్నది: ఒక మందుకు పరిమితి పెడితే రూపాయల్లో కాదు, పరీక్షల్లో తేలిన డోసుల్లో పెట్టమని, అది ఎన్ని డోసులో మొదటి సీసా ఎక్కించే రోజే చెప్పమని. ఈసారి ముసాయిదా వచ్చినప్పుడు ఈ రెండు ముక్కలే పంపుతాను. ఇంగ్లీషు, క్లాజు నంబర్లు మేనల్లుడు చూసుకుంటానన్నాడు.