ఇంపోర్ట్ అనగానే పైథాన్ ఎక్కడ వెతుకుతుంది?

బెంగళూరు మారతహళ్లిలో మా పీజీ మేడ మీద ఆదివారాలు కొందరు తమ్ముళ్లకు పైథాన్ ప్రోగ్రామింగ్ చెబుతుంటాను. అంతా అనంతపురం, కడప వైపు పిల్లలే. లూపులు, ఫంక్షన్లు చకచకా రాసేస్తారు. వేరేచోట రాసి ఉన్న కోడ్‌ను మన ప్రోగ్రాంలోకి తెచ్చుకునే ఇంపోర్ట్ దగ్గరకొచ్చేసరికే తికమక. దాదాపు ప్రతి ప్రోగ్రాంలోనూ పైన ఉండే లైను కదా, దాన్ని విడమరిచి చెప్పేవాళ్లే ఉండరు. నన్నడిగితే ముందు చెప్పాల్సింది అదే.

మొన్న కదిరి కుర్రాడొకడు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. "అన్నా, ర్యాండమ్‌లో ర్యాండింట్ లేదంటాంది. పైగా ఈ పదిహేడో ఎక్కం ఎందుకొస్తాందో చూడన్నా" అన్నాడు. నిజమే, వాడు రాసింది పాచికలాట. ఏదో ఒక అంకె పడటానికి, పైథాన్‌తో పాటే వచ్చే ర్యాండమ్ మాడ్యూల్‌లోని (మాడ్యూల్ అంటే ఇంపోర్ట్ చేసుకునే కోడ్) ర్యాండింట్ ఫంక్షన్ వాడాడు. రన్ చేస్తే ముందు పదిహేడో ఎక్కం మొత్తం పడి, ఆ తర్వాత ఎర్రర్ వస్తోంది.

"ప్రింట్ పెట్టి ర్యాండమ్ మాడ్యూల్ ఏ ఫైలు నుంచి వచ్చిందో అడుగు" అన్నాను. ర్యాండమ్ పక్కన చుక్క పెట్టి, ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్లతో ఫైల్ అని రాస్తే దారి మొత్తం చూపిస్తుంది. చూపించింది వాడి ఫోల్డరునే. పదిహేడో ఎక్కంతో సహా చిల్లర ప్రాక్టీసంతా వాడు ర్యాండమ్ డాట్ పీవై అనే ఫైల్లో రాసుకున్నాడు.

పైథాన్ వెతికే చోట్లన్నీ సిస్ డాట్ పాత్ అనే లిస్టులో ఉంటాయి. స్క్రిప్టు నడిపినప్పుడు అందులో మొదటిది ఆ స్క్రిప్టున్న ఫోల్డరు. తర్వాతే పైథాన్‌తో పాటే వచ్చే స్టాండర్డ్ లైబ్రరీ, ఆ తర్వాత పిప్ అనే ఇన్‌స్టాలర్‌తో మనం వేసుకున్నవి. మా పీజీలో "శీనూ" అని కేకేస్తే దగ్గర్లో ఉన్న శీనే పలుకుతాడు, ఇదీ అంతే. సిస్ లాంటి కొన్ని మాడ్యూళ్లు ఇంటర్‌ప్రెటర్‌లోనే, అంటే మన కోడ్‌ను నడిపే పైథాన్ ప్రోగ్రాంలోనే, కలిసి ఉంటాయి కాబట్టి వాటికి ఈ వెతుకులాట లేదు. 3.13 వెర్షన్ నుంచి ఇలాంటి చోట ఫైలు పేరు మార్చుకోమని ఎర్రరే చెబుతోంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అది చాలా పెద్ద సాయం. వాడి దగ్గరున్నది పాత వెర్షన్.

మరి ఎక్కం ఎందుకు పడింది? ఇంపోర్ట్ అంటే ఆ ఫైల్లోని పేర్లు తెచ్చుకోవడం ఒక్కటే అనుకుంటారు పిల్లలు. కానీ ఫైలు మొదటి లైను నుంచి చివరిదాకా నడుస్తుంది. అలా నడిస్తేనే అందులోని ఫంక్షన్లు పుడతాయి. ప్రింట్ ఉంటే ప్రింటూ అవుతుంది. నేరుగా రన్ చేసినప్పుడు మాత్రమే జరగాల్సిన పనుల్ని, పేరు మెయిన్ అయితేనే (నేరుగా రన్ చేసిన ఫైలుకే పైథాన్ ఆ పేరు పెడుతుంది) అనే ఇఫ్ కింద పెట్టేది అందుకే.

ఈ నడవడం కూడా ఒక్కసారే. నడిచిన మాడ్యూల్ సిస్ డాట్ మాడ్యూల్స్‌లో ఉండిపోతుంది, మళ్లీ ఇంపోర్ట్ రాస్తే అందులోంచే ఇస్తుంది. లైను టైప్ చేస్తే అక్కడికక్కడే నడిపే షెల్ తెరిచి పెట్టుకుని ఫైల్లో మార్పు చేసి "మారలేదన్నా" అనేవాళ్లందరికీ జవాబు ఇదే. మాడ్యూల్‌ను మళ్లీ నడిపించడానికి ఇంపోర్ట్‌లిబ్‌లో రీలోడ్ ఉంది, కానీ ఫ్రమ్ వాడి మాడ్యూల్‌లోంచి విడిగా తెచ్చుకున్న పేర్లు దాని తర్వాత కూడా పాత ఫంక్షన్లనే పట్టుకుని ఉంటాయి. షెల్ మూసి తెరవడమే మేలంటాను.

ఫైలు పేరు మార్చాక, పైథాన్ తన కంపైల్డ్ కాపీలు దాచుకునే పైక్యాష్ ఫోల్డరు కూడా తుడిచెయ్యాలా అని అడిగాడు ఆ కదిరి కుర్రాడు. అక్కర్లేదు. పైథాన్ 3లో అసలు ఫైలు లేకపోతే ఆ ఫోల్డర్లోని పాత కంపైల్డ్ కాపీని పట్టించుకోదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉంటాను. ఓఎస్ మాడ్యూల్‌లోని పేర్లన్నీ ఒకేసారి తెచ్చేలా ఫ్రమ్ ఓఎస్ ఇంపోర్ట్ స్టార్ అని రాసి, కింద ఫైలు తెరిచే ఓపెన్‌కు ఫైలు పేరొక్కటే ఇచ్చి చూడండి. ఫ్లాగ్స్ అనే రెండో విలువ ఇవ్వలేదని గొడవ చేస్తుంది. మనం రోజూ వాడే ఓపెన్‌ను ఓఎస్‌లోని ఓపెన్ కప్పేసింది మరి. ఇంపోర్ట్ ఓఎస్ అని రాసి, వాడే ప్రతిచోటా ఓఎస్ డాట్ అని పెడితే ఈ తంటా ఉండదు. చదివేవాడికి కూడా ఏ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ లైన్లోనే తెలుస్తుంది. నా దగ్గర స్టార్ రాస్తే చెరిపించి మళ్లీ రాయిస్తాను. లెక్కల లైబ్రరీ నంపైకి ఎన్‌పీ అని పొట్టిపేరు పెట్టుకుంటామంటే, అందరికీ తెలిసిన పేరే కాబట్టి, సరేనంటాను.