పదహారో నంబరు సూది

మొదట కాలి వేళ్లు తిమ్మిరెక్కాయి. రెండు వారాల కిందటే విరేచనాలు పట్టుకుని తగ్గాయి కాబట్టి, ఆ నీరసమే ఇంకా పోలేదనుకున్నాను. మర్నాటికి మోకాళ్లు నా మాట వినడం మానేశాయి. మూడో రోజు తల దువ్వుకోబోతే చెయ్యి భుజం దాటి లేవలేదు. జారిపడిన దువ్వెన కోసం వంగినదాన్ని మళ్లీ లేవలేకపోయాను.

ఆస్పత్రిలో డాక్టరుగారు చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టి చూశారు. కాలు కొంచెం కూడా ఎగరలేదు. వెన్నులోంచి నీరు తీసి పరీక్షించారు. నరాల్లో సంకేతం ఎంత వేగంగా పోతోందో చూసే పరీక్ష చేశారు. చివరికి గులియన్ బారే సిండ్రోమ్ అన్నారు, పొట్టిగా జీబీఎస్. సూక్ష్మజీవులతో పోరాడాల్సిన రోగనిరోధక శక్తి పొరబడి మన నరాల మీద పొరనే దెబ్బతీస్తుంది. కరెంటు తీగ మీద తొడుగు ఊడిపోతే ఎలా ఉంటుందో అలాగ.

ఐదు రోజులు ఇమ్యునోగ్లోబులిన్ అనే యాంటీబాడీల మందు ఎక్కించారు. ఊపిరి బలం ఎంతుందో చూడటానికి రోజుకు చాలాసార్లు గొట్టంలోకి ఊదించేవారు. ఆ అంకె తగ్గితే వెంటిలేటర్ పెడతారని తెలుసు కాబట్టి, ఊదే ప్రతిసారీ టెన్షన్. అది తగ్గలేదు. ఆ రోజుల గురించి ఇంతకంటే రాయాలని లేదు.

కాళ్లు ముందు తిరిగొచ్చాయి. నాలుగు నెలలకు కర్ర లేకుండా నడిచాను, ఇంట్లో అందరూ ఏడ్చారు. నడుస్తోంది కాబట్టి నయమైపోయిందనే అనుకున్నారు. నా చేతుల సంగతి ఎవరికీ తట్టలేదు. బొత్తాలు పెట్టుకోలేను. పెన్ను నిలవదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటే తప్ప నోటిదాకా రాదు. తెగిన నరం మళ్లీ పెరగాల్సి వస్తే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుందని ఫిజియోథెరపిస్టు చెప్పింది. ఆ రాత్రి మోచేతి నుంచి వేలికొస దాకా ఎన్ని మిల్లీమీటర్లో లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను.

వేళ్లకు వ్యాయామంగా మెత్తటి ముద్ద పిసకమన్నారు, గింజలు ఏరమన్నారు. చేశాను. కానీ ఏరిన గింజల్ని మళ్లీ అదే గిన్నెలో కలిపేస్తుంటే మనసు మొద్దుబారిపోయేది. అది చూసి పక్కింటి అక్క వాళ్ల కుట్టు బృందానికి రమ్మంది. వారానికోసారి పదిమంది ఆడవాళ్లు కూర్చుని నీడిల్‌పాయింట్ కుడతారు, అంటే కన్నాల కాన్వాస్ మీద ఊలుతో వేసే కుట్టుపని. రెండుసార్లు రానన్నాను. వణికే చేతులు పదిమంది ముందు పెట్టడం నాకు సిగ్గుగా ఉండేది. మూడోసారి అక్క అడగలేదు. చెప్పులు తెచ్చి నా ముందు పెట్టి, గుమ్మంలో నిలబడింది.

వెళ్తే ఎవరూ జబ్బు సంగతి అడగలేదు. ఏ రంగు ఇష్టమని అడిగారు. ఆ ప్రశ్న నన్ను ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో! వాళ్లలో పెద్దావిడ నా చేతులు చూసి, లోపల్నుంచి ఒక ప్లాస్టిక్ కాన్వాస్ ముక్క తెచ్చారు. అంగుళానికి 7 కన్నాలు. పదహారో నంబరు సూది, మొన మొండిది, బెజ్జం పెద్దది. "ఇది అట్టలా బిగువుగా ఉంటుందమ్మా, ఫ్రేమ్ అక్కర్లేదు. కన్నం పెద్దది, చెయ్యి వణికినా సూది దారి తప్పదు" అన్నారు. సూదుల నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుందని అప్పుడే తెలిసింది.

ఆ రోజు గంటసేపట్లో పదకొండు కుట్లు వేశాను. ఏటవాలుగా ఒక్కో కుట్టు, ఒక కన్నంలోంచి పైకి, పక్క వరసలో మూలగా ఉన్న కన్నంలోకి కిందికి. సూది జారిపోతుంటే పక్కనున్నావిడ ఊదని బెలూన్ ముక్క ఒకటి ఇచ్చింది. దాంతో పట్టుకుంటే రబ్బరు పట్టు దొరికి సూది ఇట్టే వస్తుంది. ఇంత చిన్న ఉపాయం ఆస్పత్రిలో ఎవరికీ తెలియకపోవడం నాకు ఆశ్చర్యమే.

సూదిలో ఊలు ఎక్కించడం మాత్రం చాలా నెలలు నా వల్ల కాలేదు. నేను ఎవరినీ అడగలేదు కూడా. కానీ ప్రతి వారం వెళ్లేసరికి నా కుర్చీ పక్కన సూదులు గుచ్చే చిన్న దిండులో ఆరేడు సూదులు ఊలు ఎక్కించి సిద్ధంగా ఉండేవి. ఎవరు పెట్టేవారో ఇప్పటికీ తెలియదు. ఒకరు కాదేమో, వంతులేసుకున్నారేమో. సాయం తీసుకోవడం చాలా కష్టమని అనుకునే నాకు, అది సాయంలా అనిపించకుండా ఇచ్చారు వాళ్లు.

ఒకసారి ఇంట్లో ఉత్సాహం పట్టలేక రాత్రి పొద్దుపోయేదాకా కుట్టాను. తర్వాత రెండు రోజులు చెంచా ఎత్తలేకపోయాను. జీబీఎస్ తగ్గాక కూడా మిగిలిపోయే అలసట ఒకటుంది. నిద్రపోతే తీరే అలసట కాదది. నడుస్తూ మాట్లాడుతూ కనిపించే మనిషికి అదుందంటే ఇంట్లోవాళ్లు కూడా నమ్మలేరు. భయపడి, ఇక కుట్టనని చెప్పాను. పెద్దావిడ వాదించలేదు. "నీ దారం ఎంత పొడుగు కోస్తున్నావు?" అని అడిగారు.

మాటిమాటికీ ఊలు ఎక్కించే పని తప్పుతుందని నేను బారెడు కోసేదాన్ని. ఆవిడ పద్దెనిమిది అంగుళాలకు కోసి చూపించారు. ఊలు కన్నాల్లోంచి దూరిన ప్రతిసారీ కాస్త అరుగుతుంది. ఎక్కువ పొడుగుంటే చివరికొచ్చేసరికి నూగు రేగి, పలచబడి, కుట్టు కాన్వాస్‌ని సరిగా కప్పదు. అందుకే కుట్టేవాళ్లు ఎక్కడైనా దారం పొట్టిగానే కోస్తారు. "దారం అయిపోగానే సూది కింద పెట్టు. బాగుందనిపించినా పెట్టెయ్యి. కాసేపు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చో" అన్నారు. బాగున్నప్పుడే ఆపడం నాకు అసలు చేతకాని పని. పూర్తిగా కుదేలయ్యేదాకా ఆగకపోవడమే జీవితమంతా అలవాటు. ఇప్పుడు వంటైనా, బట్టలు మడతపెట్టడమైనా మనసులో పద్దెనిమిది అంగుళాల దారం కొలుచుకుంటున్నాను.

ఏడు కన్నాల నుంచి పదికి వచ్చాను, పది నుంచి పదమూడుకు. అంగుళానికి 7 కన్నాలంటే చదరపు అంగుళంలో 49 కుట్లు. పదమూడైతే 169. డాక్టరుగారు వేళ్ల బలానికి ఐదులో ఇన్ని మార్కులని వేసేవారు, నేను మాత్రం కాన్వాస్ కన్నాల్లో చూసుకునేదాన్ని.

బృందంలో పుస్తకాలు బాగా చదివే ఒకావిడ ఒక రోజు చెప్పింది. లండన్ సెయింట్ పాల్స్ చర్చిలో 1919లో వాడిన బలిపీఠపు తెర ఒకటుందట. దాన్ని మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన 138 మంది సైనికులు కోలుకుంటూ కుట్టారు. నాకు ఒళ్లు జలదరించింది. ఎందుకంటే నా జబ్బును గులియన్, బారే, స్ట్రోల్ అనే ముగ్గురు ఫ్రెంచి డాక్టర్లు 1916లో వివరించింది ఆ యుద్ధకాలంలోనే, ఇద్దరు సైనికుల్ని చూసి. ఆ ఇద్దరూ కోలుకున్నారు కూడా. వాళ్ల చేతులు ఎంతకాలానికి దారికొచ్చాయో, మొదటిసారి బొత్తాం పెట్టుకున్న రోజు ఎవరితో చెప్పుకున్నారో అని చాలాసేపు ఆలోచించాను.

అప్పటిదాకా వేరేవాళ్ల డిజైన్లే కుట్టాను. ఏడాది నిండే సమయానికి నా సొంతది మొదలుపెట్టాను. బార్గెల్లో అని ఒక పద్ధతి ఉంది. నిలువు కుట్లు మెట్లు మెట్లుగా ఎక్కుతూ దిగుతూ రంగుల అలల్లా వస్తాయి. ఫ్లోరెన్స్‌లోని బార్గెల్లో భవనంలో ఉన్న కుర్చీల వల్ల దానికా పేరు. ఆ అలలు చూస్తుంటే నా నరాల పరీక్ష కాగితాలు గుర్తొచ్చాయి. వెతికి తీశాను. ఆస్పత్రిలో మొదటిసారి తీసిన దాంట్లో గీత దాదాపు చదును, చిన్న చిన్న గుబ్బలు, అవీ ఆలస్యంగా. ఆరు నెలలకు తీసిన దాంట్లో కొంచెం లేచింది. తర్వాతి దాంట్లో ఇంకొంచెం.

వాటినే పదమూడు కన్నాల కాన్వాస్ మీద, ఇరవయ్యో నంబరు సూదితో, కింద నుంచి పైకి వరసగా కుట్టాను. అడుగు వరస దగ్గర ఒకావిడ ఆగి, "ఇక్కడ డిజైను పడుకుండిపోయింది, విప్పి మళ్లీ వెయ్యరాదూ, అందం వస్తుంది" అంది, ప్రేమగానే. విప్పనన్నాను. ఎందుకో చెప్పడానికి నోరు పెగల్లేదు.

పెద్దావిడ కళ్లజోడు సర్దుకుని దగ్గరికి వంగారు. చదునుగా ఉన్న ఆ వరస మీద వేలు పెట్టి అటు చివర నుంచి ఇటు చివర దాకా మెల్లగా నడిపించారు.

"ఇది ఏ నెలమ్మా?" అన్నారు.

చెప్పాను.